అడగకుండా ముంచకండి అయ్యగారూ

మా బాబాయి కూతురి పెళ్లి శుక్రవారం. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు మందిరం వెనకున్న తొట్టిలో దానికి బాప్తిస్మం ఇచ్చారు. తొట్టి అంటే పెద్దగా ఊహించుకోకండి, ఎనిమిదడుగుల పొడవు, దిగడానికి మూడు మెట్లు, లోపల నీలం టైల్స్, మూలల్లో పాచి. మధ్యాహ్నం నుంచి బోరు మోటరు వేసి నింపుతున్నారు గానీ మధ్యలో రెండు గంటలు కరెంటు పోయింది, దాంతో నీళ్లు మోకాళ్లు దాటి జానెడు పైకి వచ్చి ఆగిపోయాయి. చేతులకు కోన్ పెట్టుకుని ఉంది పిల్ల. అది ఎక్కడ పోతుందోనని రెండు చేతులూ పైకెత్తి పట్టుకునే నీళ్లలోకి దిగింది. తెల్ల చుడీదారు, చున్నీ నడుముకు బిగించి కట్టారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు, "యేసుక్రీస్తును నీ సొంత రక్షకునిగా అంగీకరిస్తున్నావా అమ్మా?" అని. పిల్ల నోరు తెరిచే లోపలే గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మా పిన్ని అందుకుంది: "ఆ, అంగీకరిస్తంది అయ్యగారూ, కానీండి, జలుబు చేస్తది."

అయ్యగారు కానిచ్చారు. ముక్కు మీద జేబురుమాలు పెట్టి, వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వంచారు. నీళ్లు చాలవు గదా, తల ముందు భాగం తడవలేదు. "మోకాళ్లు మడువమ్మా" అని మళ్లీ వంచారు. పాట ఒక్క చరణంతో ఆపేశారు. గురువారం పొద్దున బాప్తిస్మం సర్టిఫికెట్ వచ్చింది, అది లేకపోతే మా సంఘం పెళ్లి చెయ్యదు, శుక్రవారం పెళ్లి జరిగింది.

అప్పుడు నాకు నవ్వొచ్చిన మాట నిజం. తర్వాత పెళ్లి భోజనాల్లో సాంబారు బకెట్ పట్టుకుని తిరుగుతున్నా కూడా అదే బుర్రలో తిరిగింది, నవ్వు మాత్రం పోయింది. ఎందుకంటే మేము బాప్టిస్టులం. నాలుగు తరాల నుంచి. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ పక్క ఊరు మాది. మా సంఘానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆ కారణాన్నే మా పిన్ని గట్టు మీద నిలబడి ఒక్క మాటతో నీళ్లలో కలిపేసింది. ఆమెదేం తప్పు లేదు లెండి, పెళ్లికూతురి తల్లి, ఆమె టెన్షన్ ఆమెది. నా గొడవ ఆ మాట విని కూడా "కానీండి"కి తలూపిన మా సంఘంతో.

బాప్టిస్టుల నమ్మకం ఏంటని మా ఊళ్లో ఎవరినైనా అడగండి, "మేము ముంచుతాం, వాళ్లు చల్లుతారు" అంటారు. వాళ్లు అంటే లూథరన్లు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు. పసిబిడ్డ నెత్తి మీద మూడు చుక్కలు చల్లితే అదేం బాప్తిస్మం, యేసుప్రభువు యొర్దానులో మునిగాడు గదా అని చిన్నప్పుడు ఆదివారపు బడిలో మాకు నేర్పిన వాదన. నేనూ గూడూరు పక్క నుంచి వచ్చిన లూథరన్ స్నేహితుడితో కాలేజీ హాస్టల్లో రాత్రిళ్లు ఇదే వాదించేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే నీళ్ల కొలత గురించి అంత కొట్లాట దేనికో అర్థం కాదు.

అసలు సంగతి వేరే. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఇంగ్లండ్ నుంచి పారిపోయి వచ్చి తలదాచుకున్న కొద్దిమందితో జాన్ స్మిత్ అనే బోధకుడు మొదటి బాప్టిస్టు సంఘం పెట్టాడు. అప్పటికి వాళ్లందరికీ పసితనంలోనే ఇంగ్లండు చర్చిలో బాప్తిస్మం అయిపోయింది. అది చెల్లదన్నాడు ఆయన, నమ్మినవాడు తన నోటితో ఒప్పుకుంటేనే బాప్తిస్మం, ఒకరి బదులు ఇంకొకరు నమ్మడం కుదరదన్నాడు. ఇచ్చేవాళ్లెవరూ లేక తనకు తానే ఇచ్చుకుని తర్వాత మిగతావాళ్లకు ఇచ్చాడు. మా ఆదివారపు బడిలో చెప్పని ముక్క ఇక్కడుంది: ఆయన మునగలేదు. నీళ్లు పోసుకున్నాడు. ఇంగ్లండులో బాప్టిస్టులు ముంచడం మొదలుపెట్టింది 1640 ప్రాంతాల్లో, అంటే ముప్పై ఏళ్ల తర్వాత. నోటి మాట ముందు వచ్చింది, నిండా మునగడం వెనక వచ్చింది. మేము వెనక వచ్చినదాన్ని పట్టుకుని ముందు వచ్చినదాన్ని వదిలేశాం.

స్మిత్ కంటే ఎనభై ఏళ్ల ముందు, 1527 జనవరిలో జ్యూరిక్ నగరంలో ఫెలిక్స్ మాన్జ్ అనే అతన్ని ఇదే మాట అన్నందుకు చేతులు కట్టేసి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. మళ్లీ బాప్తిస్మం కావాలన్నావుగా, ఇదుగో తీసుకో అన్నట్టు. (అతను బాప్టిస్టు కాదు, అనాబాప్టిస్టు, వంశవృక్షం గీస్తే మాకు నేరుగా తాత అవుతాడా కాడా అని పండితులు తేల్చుకోనీయండి.) ఆ రోజుల్లో పుట్టగానే బాప్తిస్మం అంటే చర్చి పుస్తకంలోకి ఎక్కడమే కాదు, రాజ్యం లెక్కలోకి ఎక్కడం కూడా. నేను నా అంతట నమ్మేదాకా నన్ను లెక్కలో రాసుకోవద్దు అనడం రాజద్రోహం కింద లెక్క. స్మిత్ వెంట ఉన్న థామస్ హెల్విస్ 1612 ప్రాంతంలో లండన్ తిరిగి వెళ్లి, మనుషుల నమ్మకానికి శిక్ష వేసే పని రాజుది కాదు, వాడు తురక అయినా యూదుడైనా సరే అని రాసి, ఆ రాసినదాన్ని నేరుగా రాజుకే పంపాడు. జైల్లో పోయాడు.

మిగతా నమ్మకాలన్నీ ఈ ఒక్క వేరు నుంచి వచ్చిన కొమ్మలే. నాకూ దేవుడికీ మధ్య పూజారి అక్కర్లేదు, విశ్వాసులంతా యాజకులే అంటాం. (అని చెప్పి, ఫలానా అయ్యగారు నూనె రాసి ప్రార్థన చేస్తే గానీ బిడ్డకు సీటు రాదని బస్సెక్కి నెల్లూరు పోతాం.) బైబిలు తప్ప ఇంకో అధికారం లేదంటాం. ప్రతి సంఘం దానంతట అది స్వతంత్రమైనది, పైన బిషప్పు ఉండడు, పాస్టరును పిలవాలన్నా పంపాలన్నా సభ్యులు చేతులెత్తి నిర్ణయించాలి. వినడానికి బాగుంటుంది గానీ మిషన్ కాంపౌండు స్థలాల రేట్లు పెరిగాక ఆ చేతులు ఎత్తించడానికి జరిగే వ్యవహారాలు ఇక్కడ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నా. కమిటీ ఎన్నికల ముందు నెలలో బాప్తిస్మాలు ఎందుకు ఎక్కువవుతాయో మాత్రం చెప్పక తప్పదు: బాప్తిస్మం ఉన్నవాళ్లకే ఓటు. బాప్తిస్మం, ప్రభువు బల్ల, ఈ రెండే ఆచారాలు మాకు. బల్ల నెలకోసారి, మొదటి ఆదివారం. శనివారం సాయంత్రం మా అమ్మ నల్ల ఎండుద్రాక్ష నానబెట్టి ఉడకబెట్టి పల్చటి గుడ్డలో వేసి పిండుతుంది, ఆ రసమే పొద్దున చిన్న గ్లాసుల్లో పోస్తారు. మాకు రొట్టె రొట్టే, రసం రసమే, జ్ఞాపకం కోసం తీసుకుంటాం. బాప్తిస్మం లేనివాళ్లకు ఇవ్వరు.

ఆ రసం పిండే అమ్మ కథ చెప్పాలి ఇప్పుడు.

మా అమ్మది నాయుడుపేట పక్కన పల్లె, అప్పటి నెల్లూరు జిల్లా. ఆ దక్షిణపు కొసంతా లూథరన్లు. జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు 1865లో సూళ్లూరుపేటకు వచ్చారు, మా అమ్మ ముత్తాత వాళ్ల దగ్గరే క్రైస్తవుడయ్యాడు. ఉత్తరాన నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. రైలెక్కితే మూడు నాలుగు గంటల దూరం, మధ్యలో ఎక్కడో కనపడని గీత ఉంటుంది, దానికి అటు చల్లుతారు ఇటు ముంచుతారు. అమ్మకు మూడు నెలల పసిబిడ్డగా ఉండగా చల్లారు. నాన్నను చేసుకుని మే నెలలో మా ఊరు వచ్చింది. జూన్ మొదటి ఆదివారం బల్ల. స్త్రీల వైపు వరసలో మా నాయనమ్మ పక్కన కూర్చుంది కొత్త కోడలు. రొట్టె పళ్ళెం నాయనమ్మ దగ్గరకు వచ్చింది, డీకన్ గారు, అంటే సంఘ పెద్ద, అమ్మ ముందు నుంచి పళ్ళెం ఎత్తి పట్టుకుని దాటించి అవతలామెకు ఇచ్చాడు. కొత్త చీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని ఉన్నాను, అందరూ నన్నే చూస్తన్నారు అని ఇప్పటికీ చెబుతుంది. నాయనమ్మకు పరువు పోయినట్టయింది. వచ్చే ఆదివారమే గుండ్లకమ్మలో, ఎండాకాలం కదా, ఇసుక మధ్యలో మిగిలిన ఒక్క మడుగు దగ్గరికి తీసుకుపోయి ముంచారు. జులై నుంచి పళ్ళెం ఆమె దగ్గర ఆగింది.

ఎందుకు ముంచారంటే, పసిబిడ్డగా ఉన్నప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు కాబట్టి. మరి మడుగు దగ్గర ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు! నాయనమ్మ రేపు బయల్దేరాలమ్మా అంది, ఈమె బయల్దేరింది. ఇదంతా మొన్న పెళ్లి తర్వాత నేను కూర్చోబెట్టి అడిగితే చెప్పిన సంగతి. ఇంకొకటి కూడా చెప్పింది, అది విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలా. లూథరన్లలో పసిబిడ్డకు చల్లడంతో అయిపోదు. పద్నాలుగేళ్లప్పుడు కన్ఫర్మేషన్ ఉంటుంది. ఏడాది పాటు ప్రశ్నోత్తరి చదివించి, పది ఆజ్ఞలూ విశ్వాసప్రమాణమూ ప్రభువు ప్రార్థనా అర్థాలతో సహా నేర్పించి, సంఘం ముందు నిలబెట్టి, నీకు చిన్నప్పుడు పెద్దవాళ్లు ఒప్పుకున్నదాన్ని నువ్వు ఇప్పుడు ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. అమ్మ లంగా ఓణీలో నిలబడి, ఒక్క తప్పు లేకుండా అన్నీ అప్పజెప్పి, ఒప్పుకుంటున్నాను అంది. "మరి అది మీ లెక్కలోకి రాదా?" అని అడిగింది నన్ను.

ఏం చెప్పమంటారు? చల్లేవాళ్లని మేము ఎగతాళి చేసిన సంఘం ఆమెను అడిగింది. అడగడమే మా మతం అని చెప్పుకునే మేము అడగలేదు.

"ఆ రోజు మడుగు కాడ నిన్ను అడిగుంటే ఏమనేదానివమ్మా" అన్నా. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా ఉంది, తలెత్తలేదు. "అడిగుంటే ఒప్పుకునేదాన్నేరా. అడగలా." అంతే అంది.

ఇక్కడికి వచ్చేసరికి మా నాన్న కల్పించుకుంటాడు. ఆయన డీకన్‌గా ఇరవై ఏళ్లు చేశాడు, నా వాదన ఆయనకు నచ్చదు. ఆయన తురుపుముక్క 1878. "ఒక్క రోజులో రెండువేల రెండొందల ఇరవై రెండు మందికి ఇచ్చారే ఇక్కడ, పక్కనే, అందర్నీ కూర్చోబెట్టి ఒక్కొక్కడి మనసులో ఏముందో అడిగారంట్రా?"

మంచి ప్రశ్న. దాని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడాలి, ఎందుకంటే మా ప్రాంతపు క్రైస్తవుల గొప్ప అంతా ఆ అంకె మీదే నిలబడింది, ఏ కన్వెన్షన్‌కు పోయినా స్టేజీ మీద ఆ అంకె వినపడుతుంది. దాని ముందు జరిగింది వినపడదు.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశానికి పంపిన మొదటి మనిషి శామ్యూల్ డే, 1836లో వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తర్వాత ముప్పై ఏళ్ల దాకా చెప్పుకోదగ్గంత మంది చేరలేదు. అమెరికాలో పెద్దలు ఈ నెల్లూరు మిషన్ మూసేద్దామా అని ఒకటికి రెండుసార్లు చర్చ పెట్టుకున్నారు. మ్యాపు మీద ఒక్కటే చుక్క అని దానికి ఒంటి తార అని పేరు. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ఆ మిషన్ మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు తెల్లారుజామున ప్రార్థన చేశారు, ఆ కొండే ఇప్పటి ప్రార్థన కొండ. అదే మిషన్ మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారం, అంతకు ముందు యోగం నేర్చుకుని నలుగురికి గురువుగా ఉన్నవాడు, అంటే దేవుణ్ణి తనంతట తాను వెతుక్కుంటూ వచ్చిన మనిషి, ఎవరూ పట్టుకొచ్చిన మనిషి కాదు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది ఎనిమిది మందితో.

అప్పుడు ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తా ఉంటే క్లౌ దొర మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలు. పగలు తవ్వకం, సాయంత్రం వాక్యం. వింటున్న వాళ్లు మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. ఇక్కడ ఆ దొర చేసిన పని నాకు 2,222 కంటే గొప్పగా కనపడుతుంది: ఇవ్వనన్నాడు. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం అడుగుతున్నారా దేవుడి కోసం అడుగుతున్నారా అని ఆయనకే తెలియనప్పుడు నీళ్లలోకి దించడం మోసం అనుకున్నాడు. కూలి పనులూ సాయమూ అయిపోయాక కూడా జనం వచ్చారు. చేతులకు కాసిన బొబ్బలు చూపించి, మాకు సాయం వద్దు, పని చేసుకుని బతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చస్తాం అన్నారు. అప్పుడు కూడా బోధకుల చేత ఊరివారీగా కూర్చోబెట్టించి విచారించాకే ఒప్పుకున్నాడు. మద్దిపాడు దగ్గర వెల్లంపల్లి కాడ, గుండ్లకమ్మలో, జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. నీళ్లలో ఒకేసారి ఇద్దరు బోధకులు మాత్రమే, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగేవాళ్లు, మొత్తం ఆరుగురు. 3వ తేదీన దొర చెయ్యి తడవలేదు, అందరికీ తెలుగు బోధకులే ఇచ్చారు. సుమారు తొమ్మిది గంటల పని. లెక్క కడితే ఒక్కొక్కరికి అర నిమిషం.

నీళ్లలో అర నిమిషం, సరే. గట్టు మీద పదిహేను నెలలు. మా చెల్లికి నీళ్లలో రెండు నిమిషాలు పట్టింది, మోకాళ్ల నీళ్లు కదా. గట్టు మీద ఎంతసేపు?

నాన్న వాదనలో పస లేదని అనను. ఆ 2,222 మంది ఒక్కొక్కరుగా రాలేదు, గూడేలుగా వచ్చారు. పెద్దమాదిగ తలూపితే మిగతావాళ్లు నడిచిన గూడేలు ఎన్నో ఉంటాయి, ఆడవాళ్లను వేరుగా అడిగారో లేదో దేవుడికెరుక. ఆమ్‌స్టర్‌డామ్ లెక్కన చూస్తే అదేం సొంత నిర్ణయం అనొచ్చు. నేను మాత్రం అట్టా చూడలేను. ఊళ్లో గొడ్డు చస్తే లాగమన్నారు, జాతరకు డప్పు కొట్టమన్నారు, కల్లంలో ఇంత గింజ విసిరి తీసుకోమన్నారు గానీ "నీ ఇష్టమేంది" అని మాదిగవాణ్ణి ఆ రోజు దాకా అడిగిన పాపాన ఎవడూ పోలేదు. మొదటిసారి ఒకరు అడిగారు, అదీ కాదనే అవకాశం ఇచ్చి అడిగారు. చేరేవాళ్లకు మూడు కట్టుబాట్లు పెట్టేవాళ్లు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడ్డానికి చిన్నవే. ఆదివారం రానంటే మోతుబరి ఊరుకోడు, డప్పు కొట్టనంటే ఊరు ఊరుకోదు. పని మాన్పించారు, నీళ్లు బంద్ చేశారు, కొట్టారు. అయినా అవునన్నారంటే ఆ అవును వెనక కూలి పోయే భయం, దెబ్బలు పడే భయం అన్నీ ఉన్నాయి. గూడెం మొత్తం కలిసి అన్నా సరే, ఆ అవును ఖరీదైనది. మాకు ఇప్పుడు అవునంటే ఏం పోతుంది? కాదంటేనే పోతుంది, ఫంక్షన్ హాలు అడ్వాన్సు పోతుంది.

పూర్తిగా ఏమీ పోదని కూడా అనలేను లెండి, ఒకటి పోతుంది, దాని గురించి గుడిలో ఎవరూ నోరు విప్పరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని, కన్నీళ్లతో ప్రార్థన చేసే మనిషి కూడా రిజిస్టర్‌లో పేరు పడకూడదని బాప్తిస్మం తీసుకోకుండా ఉండిపోతాడు, లేదా వేరే జిల్లాలో ఎవరికీ తెలియకుండా తీసుకుని వస్తాడు. నాన్న వాళ్లను పిరికివాళ్లంటాడు. నేను అనలేను. మతం మారితే కులం పోతుందని కాగితం మీద రాసుకున్నంత తేలికా? మా ఊళ్లో మా పేట పేరు ఇప్పటికీ మారలేదు. హెల్విస్ జైల్లో పోయింది, మనిషి నమ్మకానికి సర్కారు ఖరీదు కట్టకూడదనే. ఒక పక్క సర్కారు నువ్వు క్రైస్తవుడివైతే ఈ కాగితం ఇవ్వను అంటుంది, ఇంకో పక్క సంఘం బాప్తిస్మం కాగితం లేకపోతే పెళ్లి చెయ్యను అంటుంది. మధ్యలో ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఇద్దరూ కాగితమే అడుగుతున్నారు.

నా సంగతి కూడా చెప్పేస్తా, లేకపోతే పెద్ద నీతిమంతుడిలా ఉంటుంది. నాకు పన్నెండేళ్లప్పుడు ఈస్టర్ ముందు సాగర్ కాలువకు నీళ్లొదిలారు, ఆ వారమే పదకొండు మంది పిల్లకాయల్ని వరసగా ముంచారు. నేను ఏడోవాణ్ణి. నా ముందువాడు నా దోస్తు, వాడు ఒప్పుకున్నాడు కాబట్టి నేనూ ఒప్పుకున్నా, ఆ రోజు బిర్యానీ కూడా పెట్టారు. నిజంగా నమ్మింది చాలా తర్వాత, ఉద్యోగం లేక ఒంగోలులో రూములో పడి ఉన్న రోజుల్లో, ఎవరూ చూడనప్పుడు. మళ్లీ మునగాలా అని అయ్యగారిని అడిగితే నవ్వి, "మునిగినదాన్నే గట్టిగా పట్టుకో నాయనా" అన్నాడు. పట్టుకున్నా. అందుకే పిల్లలందరి బాప్తిస్మాలూ చెల్లవని నేను అనడం లేదు. మా చెల్లిది కూడా చెల్లదనను, దేవుడు మా పిన్ని మాట మీద కూడా పని చెయ్యగలడు. సంఘం మాత్రం దేవుడి మీద భారం వేసి తన పని ఎగ్గొట్టకూడదు. సంఘం పని అడగడం. నెల ముందు అడగాలి, ఒంటరిగా అడగాలి, తల్లిదండ్రులు లేనప్పుడు అడగాలి, కాదు అంటే సరేనమ్మా అని టీ తాగించి పంపాలి. పెళ్లికి బాప్తిస్మం షరతు తీసెయ్యాలి. ఇద్దరు పెళ్లి చేసుకుంటామని వస్తే ప్రార్థన చేసి పెళ్లి చెయ్యడానికి మునిగిన సర్టిఫికెట్ దేనికి?

"అట్టా అడుగుతా కూచుంటే గుళ్లో ఎవడూ మిగలడు" అంటాడు నాన్న. వేరే సంఘాలు ఉన్నాయి, వాళ్లు కీబోర్డులు డ్రమ్ములు పెట్టి పిలుస్తున్నారు, పిల్లకాయలు జారిపోతారు అంటాడు. జారిపోవచ్చు. ఎనిమిది మందితో మొదలైన సంఘం ఇది, నాన్నా, అంటే ఆయన లేచి వరండాలోకి పోతాడు.

ఈ సంవత్సరం కొత్తగా వచ్చిన అయ్యగారు నా వాదనలన్నీ విని విసుగొచ్చి కాబోలు, అయితే నువ్వే నాలుగు వారాలు క్లాసు తీసుకో, ఈస్టరుకు తొమ్మిది పేర్లున్నాయి అన్నారు. తీసుకున్నా. పన్నెండు నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలు. మొదటి మూడు వారాలు మామూలు పాఠాలే. నాలుగో వారం ఒక్కొక్కరినీ మందిరం అరుగు మీద కూర్చోబెట్టుకుని అడిగా. ముందే చెప్పా, కాదన్నా నేనెవరికీ చెప్పను, పేరు మాత్రం లిస్టులో ఉండదు, అంతే అని. ఎనిమిది మంది అవునన్నారు. అందులో ముగ్గురు నా మొహం చూసి అన్నారని నాకు అనుమానం ఉంది, నేను మాత్రం ఎంతవరకు తవ్వగలను. ఒక అమ్మాయి, ఇంటరు రెండో సంవత్సరం, చాలాసేపు చెప్పు కొసతో నేల గీకుతా కూర్చుంది. "నాకింకా తెలవదన్నా" అంది. సరేనమ్మా అన్నా.

లిస్టు ఎనిమిది పేర్లతో పోయింది. వాళ్లమ్మ ఆ ఆదివారం నుంచి నాకు వందనాలు చెప్పడం మానేసింది, ఎదురుపడితే చెంగు సర్దుకుంటా పక్కకు తిరిగి పోతుంది. ఏదో అబ్బాయి వ్యవహారం ఉంది, అందుకే కాదంది అని పేటలో ఎవరో పుట్టించారు కూడా. నాన్న చూశావా అన్నట్టు చూశాడు.

ఆ పిల్ల మాత్రం ఏ ఆదివారమూ మానలేదు. వెనక నుంచి మూడో వరస, కిటికీ పక్కన, మా అమ్మ పక్కన కూర్చుంటుంది. మొన్న మొదటి ఆదివారం బల్లప్పుడు డీకన్ గారు అలవాటుగా ఆ పిల్ల ముందు నుంచి పళ్ళెం ఎత్తి దాటించబోయాడు. ఆ పిల్లే చెయ్యి చాపి పళ్ళెం అందుకుంది, రొట్టె ముక్కల వంక ఒకసారి చూసి, తీసుకోకుండా, రెండు చేతులతో మా అమ్మకు అందించింది.